అద్దె ఎవరికి కట్టాలి?

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో చాలా ఏళ్లు నేను అద్దె కాపురం చేశాను. ఆ ఇంటాయన మంచివాడు. నెల మొదటివారంలో వచ్చి అరుగుమీద కూర్చుని, కాఫీ తాగి, డబ్బు లెక్కపెట్టకుండానే జేబులో వేసుకుని వెళ్లేవాడు. అటువంటి మనిషి ఒకరాత్రి హఠాత్తుగా పోయాడు. కర్మకాండ అయీ కాకముందే ఆయన అన్నకొడుకు తాళాలగుత్తి చేతబట్టుకుని, "ఇకమీదట అద్దె నాకివ్వండి" అంటూ గుమ్మంలో నిలబడ్డాడు. తాళాలు అతని చేతిలో వున్నాయి. రసీదు పుస్తకం అతని చేతిలో వుంది. వీధిలో నలుగురూ అతనికి నమస్కారం పెడుతున్నారు. నేనూ పెట్టాను. మూడునెలలు అద్దె కూడా కట్టాను. నాలుగోనెలలో ఇంటాయన కూతురు మద్రాసునుంచి కోర్టుకాగితంతో దిగింది. "మీరు ఎవరికి కట్టారో నాకు తెలియదు. నాకు మాత్రం కట్టలేదు" అన్నది. నిజమే గదా! ఆ మూడునెలల అద్దె రెండుసార్లు కట్టిన మహానుభావుణ్ణి నేను.

ఈ సంగతి మళ్లీ ఎందుకు గుర్తుకొచ్చిందంటే, 2025 జులైలో ఒక ఆదివారం పొద్దున మా మేనల్లుడు పత్రిక పట్టుకుని వచ్చాడు. వాడు లా చదువుతున్నాడు. చదువుకంటే వాదన ఎక్కువ.

"మామా, అఫ్గానిస్తాన్‌లో తాలిబాన్ ప్రభుత్వాన్ని రష్యావాళ్లు గుర్తించారట. 2021 ఆగస్టు 15 నుంచీ కాబూల్లో కూర్చున్నవాళ్లు నాలుగేళ్లదాకా ఎవరికీ కనబడలేదా?"

"కనబడకేమిరా! కనబడటం వేరు, గుర్తించడం వేరు. నా అద్దె సంగతి నీకు చెప్పాను గదా" అన్నాను.

వాడు నవ్వాడు. కాని నేను వేళాకోళానికి అనలేదు. ఒక దేశంలో రాజ్యాంగం చెప్పిన దారిన కాకుండా, తుపాకి దారిన ఒకరు గద్దె ఎక్కుతారు. అప్పుడు బయటి దేశాలకు వచ్చే చిక్కు, నాకు వచ్చిన చిక్కు ఒకటే. ఆ దేశానికి మన ఊళ్లో వున్న రాయబార భవనం తాళాలు ఎవరికివ్వాలి? ఐక్యరాజ్యసమితిలో ఆ దేశపు కుర్చీలో ఎవరు కూర్చోవాలి? మన బ్యాంకులో దాచుకున్న వాళ్ల సొమ్ము ఎవరడిగితే ఇవ్వాలి? అఫ్గాన్ కేంద్రబ్యాంకుకు చెందిన దాదాపు 700 కోట్ల డాలర్లు అమెరికాలో ఆగిపోయింది ఇందుకే. 2022 సెప్టెంబరులో అందులో సగాన్ని స్విట్జర్లాండులో ఒక నిధిగా పెట్టి ధర్మకర్తల చేతికి అప్పగించారు.

"అంటే కోర్టులో జమకట్టినట్టన్నమాట" అన్నాడు మావాడు. "ఇంటి యజమాని ఎవరో తెలియని తగాదా వస్తే, కిరాయిదారు అద్దె తీసుకెళ్లి రెంట్ కంట్రోలరు దగ్గర జమకట్టవచ్చు మామా. చట్టంలో వుంది. నువ్వూ అట్లా చేసి వుంటే సరిపోయేది."

ఆ మాట నాకు చెప్పవలసిన కాలానికి వాడు పుట్టనే లేదు. అంచేత వాణ్ణి ఏమీ అనలేకపోయాను. "పద, చంద్రగిరి పోయివద్దాం. అక్కడ ఇంతకంటే పెద్ద అద్దె తగాదా చూపిస్తాను" అన్నాను.

చంద్రగిరి మాకు దగ్గరే. బస్సు దిగి కోటలోకి నడిచాం. రాజమహల్ మూడంతస్తుల మేడ. కొయ్య వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టింది. ఇప్పుడది పురావస్తుశాఖవారి మ్యూజియం. సెలవురోజు గనుక జనం బాగానే వున్నారు. పిల్లలు మెట్లమీద పరుగులు తీస్తున్నారు. మేము ఉడకబెట్టిన చెనిక్కాయలు కొనుక్కుని చెట్టుకింద కూర్చున్నాం.

ఈ కోటకూ సింహాసనం తగాదాలకూ పాత చుట్టరికం. విజయనగరంలో మొట్టమొదట వంశం మార్చి గద్దె ఎక్కినవాడు ఇక్కడివాడే. పదిహేనో శతాబ్దంలో సాళువ నరసింహుడు చంద్రగిరి ఏలుతూ, హంపీలోని సంగమ వంశపు రాజులకు సామంతుడుగా వుండేవాడు. తిరుమల శాసనాల్లో అతన్ని మహామండలేశ్వరుడనే పిలిచారు. ఆ రాజులు నానాటికీ చేతకానివాళ్లయినారు. ఒడ్డెరాజులొక పక్కా, బహమనీలొక పక్కా రాజ్యాన్ని కొరుక్కుతింటున్నారు. 1485 లో నరసింహుడి సేనాని నరసనాయకుడు సరాసరి రాజధానికి పోయి అంతఃపురం ముట్టడించాడు. ఆఖరి రాజు పారిపోయాడు. నరసింహుడు రాజయినాడు.

ధర్మశాస్త్రం ప్రకారం ఇది ద్రోహమే. కాని దేశం ఆయన్ని ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందంటే, అప్పటికి ముప్పై ఏళ్లుగా ఆయనంటే ఏమిటో జనానికి తెలుసు. తిరుమల గుడికి ఇచ్చిన ఊళ్లూ, యాత్రికులకు అన్నం పెట్టిన రామానుజకూటాలూ, శత్రువును నిలబెట్టిన యుద్ధాలూ ఆయన వెనక వున్నాయి. రాజ్యం నిలబెట్టాడు గనుక రాజు. లోకంలో చాలా గుర్తింపులు ఇట్లాగే వచ్చాయి. మొదట ముక్కు విరిచి, తర్వాత పని జరుగుతున్నది చూసి ఊరుకుంటారు.

అయితే ఆ దారి ఒకసారి తెరిచాక మూసేవాడెవడు? 1491 లో నరసింహుడు పోతూ ఇద్దరు పసివాళ్లను నరసనాయకుడి చేతుల్లో పెట్టాడు. పెద్దవాడు త్వరలోనే హత్యకు గురయ్యాడు. రెండోవాడు పేరుకు రాజుగా వుంటూ 1505 లో నరసనాయకుడి కొడుకు వీరనరసింహుడి కాలంలో హతుడయ్యాడు. తుళువ వంశం వచ్చింది. ఆ వీరనరసింహుడి తమ్ముడే మనందరం నెత్తిన పెట్టుకునే శ్రీకృష్ణదేవరాయలు. చూశారా, ఎక్కడికి పోయిందో కథ! గద్దె వచ్చిన దారి ఎవరూ అడగరు, గద్దెమీద కూర్చున్నవాడు కృష్ణరాయలయితే.

"ఇదంతా గెలిచినవాళ్ల కథ. ఓడినవాళ్లది చెప్పు" అన్నాడు మావాడు, గింజలు ఒలుస్తూ.

ఓడినవాళ్ల కథే అసలు కథ. అది 1614 లో జరిగింది.

తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజ్యం పెనుగొండకూ, అక్కడినుంచి చంద్రగిరికీ జరిగింది. ఆరవీటి వెంకటపతిదేవరాయలు ఇక్కడ కొలువుతీరాడు. 1598 లో శాంథోమునుంచి జెసూట్ పాదరీలు ఆయన్ను చూడటానికి ఈ చంద్రగిరికే వచ్చారు. డచ్చివాళ్లు పులికాట్‌లో వర్తకశాల పెట్టుకున్నది ఆయన ఇచ్చిన అనుమతితోనే. అంటే విదేశాలకు తెలిసిన రాజు, పేరున్న రాజు. తర్వాత కొలువు వేలూరు కోటకు మారింది. చిత్తూరు దాటితే అది ఎంతో దూరం లేదు. ఇక జరగబోయేదంతా ఆ కోటలోనే.

రాయలకు సంతానం లేదు. రాణుల్లో బాయమ్మ అనే ఆవిడ ఒక పసివాణ్ణి తెచ్చి, తాను కన్నానని చెప్పి పెంచింది. ఒక బ్రాహ్మణస్త్రీకి పుట్టిన బిడ్డ అని రాయలకు తెలుసు, అయినా నోరెత్తలేదు. 1614 అక్టోబరులో ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఆయన అన్నకొడుకు శ్రీరంగరాయల్ని పిలిచి, అందరి ఎదుటా రాజముద్రిక ఇచ్చాడు. ఆ యువకుడు మొదట వద్దన్నాడట. రాయలు బలవంతపెట్టి తొడిగించాడు. మూడురోజులకు రాయలు పోయాడు. రాణుల్లో కొందరు సహగమనం చేశారు.

అప్పుడు లేచాడు గొబ్బూరి జగ్గరాయుడు. బాయమ్మ పుట్టింటివాడు. మరిద్దరు సామంతుల్ని కూడగట్టుకుని కోటలో జొరబడి, కొత్తరాజునూ, భార్యాబిడ్డల్నీ ఖైదుచేశాడు. బాయమ్మ పెంచిన కుర్రవాణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టాడు. ఇక లెక్క చూడండి. రాజధాని జగ్గరాయుడిది. బొక్కసం జగ్గరాయుడిది. సైన్యంలో పెద్ద వాటా జగ్గరాయుడిది. సింహాసనం మీద ఒక పిల్లవాడు, వాడికి చెప్పుకోవడానికి ఒక తండ్రిపేరు. సామంతులు ఒక్కొక్కరే వచ్చి దండం పెడుతున్నారు. ఈనాటి భాషలో చెప్పాలంటే దేశం మీద పూర్తి అదుపు వున్న ప్రభుత్వం.

ఒక్కడు దండం పెట్టలేదు. వెలుగోటి యాచమనాయకుడు.

యాచమనాయకుడికి బలం చాలదు. కోట బద్దలు కొట్టి రాజును విడిపించడం అతనివల్ల కాదు. రాజు ప్రాణాలతో వున్నంతకాలం తన మాటకు విలువ, రాజు పోతే తానొక తిరుగుబాటుదారు. అంచేత వంశంలో ఒక్క మొలకనయినా బయటికి తేవాలనుకున్నాడు. ఖైదులోకి మాసినబట్టలకోసం కోట చాకలి వస్తూపోతూ వుండేవాడు. కావలివాళ్లు అతని మూట విప్పి చూసేవాళ్లు కారు. శ్రీరంగరాయల రెండోకొడుకు రామదేవుడికి పన్నెండేళ్లు. ఆ పిల్లవాణ్ణి మాసినబట్టల మధ్య పెట్టి మూటకట్టి, భుజానవేసుకుని, కావలివాళ్ల మధ్యనుంచి నడిచి, యాచమనాయకుడికి అప్పగించాడు ఆ చాకలి.

మావాడు చెనిక్కాయలు ఒలవడం మానేశాడు.

తర్వాతది చెప్పడం కష్టం. పిల్లవాడు తప్పిపోయాడని తెలిశాక జగ్గరాయుడు ఖైదులో వున్న రాజును బతకనివ్వలేదు. తనవాళ్లను తన చేతులతోనే చంపుకుని తానూ చావవలసిన గతి పట్టించాడు. కాని ఆ చావుతో జగ్గరాయుడికి కలిసిరాలేదు. అంతవరకూ ఎవరైతే మనకెందుకులే అని కూర్చున్నారో వాళ్లలో చాలామంది అసహ్యించుకుని యాచమనాయకుడివైపు తిరిగారు.

చుట్టుపక్కల ప్రభువులు ఎవరెవరిని గుర్తించారో చూడండి. మధుర నాయకుడు ముత్తువీరప్ప, జింజి నాయకుడు కృష్ణప్ప జగ్గరాయుడి పక్షం. తంజావూరు రఘునాథనాయకుడు రామదేవుడి పక్షం. మధురవారికి పైన గట్టి రాయలు లేకపోతే హాయి. తంజావూరువారికి ఆ రెండు ఇళ్లతోనూ పడదు. మాటల్లో ధర్మం, మనసులో సరిహద్దు. అంతర్జాతీయ గుర్తింపు అప్పటికీ ఇప్పటికీ ఈ రెండింటి కలగలుపే. చివరికి తిరుచిరాపల్లికి దగ్గర్లో తోపూరువద్ద 1616-17 ప్రాంతంలో పెద్దయుద్ధం జరిగింది. జగ్గరాయుడు అందులో చచ్చాడు. రామదేవరాయలు రాజుగా నిలిచాడు. తగాదా పూర్తిగా చల్లారడానికి మాత్రం జగ్గరాయుడి తమ్ముడు యతిరాజు కూతుర్ని ఈ రామదేవుడే పెళ్లిచేసుకోవలసి వచ్చింది! తండ్రిని చంపినవాడి ఇంటిపిల్ల. రాజకీయం అంటే అదే కాబోలు.

మన వెలుగోటివారి వంశావళిలో యాచమనాయకుడి పరాక్రమం తెలుగులో చెప్పుకున్నారు. కాని కోటలోపలి సంగతి ఇంత వివరంగా తెలియడానికి ఒక విదేశీయుడు కారణం. మాన్యుయల్ బర్రదాస్ అనే పోర్చుగీసు పాదరీ 1616 డిసెంబరు 12 న కొచ్చినుంచి రాసిన ఉత్తరం అది. 1900 లో రాబర్టు స్యూయెల్ దొర తన విజయనగర చరిత్రలో దాన్ని ఇంగ్లీషులో అచ్చువేశాడు. పోర్చుగీసువారికి ఈ తగాదా ఎందుకు పట్టిందని అడగనక్కరలేదు. తీరంలో వాళ్లకు శాంథోము వుంది, పక్కనే పులికాట్‌లో శత్రువయిన డచ్చివాడు వున్నాడు. అద్దె ఎవరికి కట్టాలో వాళ్లకూ తెలియాలి.

మావాడు లా విద్యార్థి గనుక ఇక్కడ అందుకున్నాడు. ఈ రెండు దారులకూ వాళ్ల పుస్తకాల్లో పేర్లున్నాయట. ఈక్వడారు విదేశాంగమంత్రిగా చేసిన టోబార్ 1907 లో, రాజ్యాంగాన్ని కాలదన్ని వచ్చిన ప్రభుత్వాన్ని ప్రజలు స్వేచ్ఛగా ఆమోదించేదాకా ఎవరూ గుర్తించగూడదన్నాడు. 1930 లో మెక్సికో మంత్రి ఎస్ట్రాడా, ఇంకొకరి ఇంట్లో యజమాని ఎవరో తేల్చడానికి మనమెవరం, రాయబారిని వుంచడమో పిలిపించడమో చేసి ఊరుకుందాం అన్నాడు. మొదటిది యాచమనాయకుడి పక్షం. రెండోది వినడానికి మర్యాదగా వుంటుంది గాని, ఆచరణలో తాళాలు ఎవరి చేతిలో వుంటే వారిదే ఇల్లు అన్నట్టు తేలుతుంది.

"నువ్వు ఎస్ట్రాడా పక్షం మామా. మూడునెలలు" అన్నాడు వెధవ.

నేనొక్కణ్ణేనా? చెన్నపట్నం కట్టిన ఇంగ్లీషువాళ్లను చూడు అన్నాను. 1639 లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర స్థలానికి పట్టా రాయించుకున్నారు. ఆ కాగితం ఈ రాజమహల్లోనే పుట్టిందని చంద్రగిరిలో అందరూ చెబుతారు, ఇచ్చినవాడు నాయకుడే. 1642 లో రాయలు మారాడు. కొత్తరాయలు మూడో శ్రీరంగడు, అంతకు నాలుగేళ్ల ముందు బిజాపూరువారిని తోడుతెచ్చుకుని పినతండ్రిమీదికే లేచిన మనిషి. కంపెనీవారు అవేవీ తవ్వలేదు, 1645 లో ఆయన దగ్గర కౌలు తిరగరాయించుకున్నారు. గోల్కొండ సైన్యం వచ్చింది, 1647 లో మీర్ జుమ్లా దగ్గర రాయించుకున్నారు. 1672 లో నెక్నాంఖాన్ దగ్గర సాలుకు 1200 వరహాలకు ఖాయం చేసుకున్నారు. ఇంట్లోవాళ్లు మారినప్పుడల్లా కొత్త రసీదు. ఎవరు న్యాయమైన ప్రభువు అని వర్తకుడు ఎన్నడూ అడగలేదు. చివరికి రసీదులిచ్చిన వాళ్లందరూ పోయి, కిరాయిదారే ఇంటాయన అయ్యాడు.

వర్తకుడు ఎప్పుడూ గెలుస్తాడనుకోకండి. కోస్టారికాలో 1917 లో టినోకో అనేవాడు ప్రభుత్వాన్ని పడదోసి రెండున్నరేళ్లు ఏలాడు. అమెరికా గుర్తించలేదు, బ్రిటను గుర్తించలేదు. వాడు పోయాక కొత్త ప్రభుత్వం, వాడి ఒప్పందాలు చెల్లవు పొమ్మంది. అప్పుడు అదే బ్రిటను, మా బ్యాంకు బాకీ తీర్చమని వచ్చింది! తీర్పరిగా కూర్చున్నవాడు అమెరికా మాజీ అధ్యక్షుడు టాఫ్ట్. 1923 లో ఆయన అన్నదేమిటంటే: గుర్తించినా గుర్తించకపోయినా దేశాన్ని నిజంగా ఏలినది వాడే గనుక అది ప్రభుత్వమే. అయితే బ్యాంకు ఇచ్చిన సొమ్ము దేశానికి కాదు, టినోకో అన్నదమ్ముల సొంతానికి పోతుందని బ్యాంకుకు తెలుసు, కనక ఆ డబ్బు దేశం ఇవ్వనక్కరలేదు. నా కేసులో ఇటువంటి తీర్పరి దొరకలేదు.

పొద్దు వాలుతున్నది. లేచి కోటగోడ వెంబడి నడుస్తుంటే మావాడు, "ఇవన్నీ రాజుల గొడవలు. మామూలు మనిషికి దీంతో ఏమిటి?" అన్నాడు.

ఫిజీ సంగతి చెప్పాను. ఈ చంద్రగిరి, చిత్తూరు, తిరుపతి 1911 దాకా ఉత్తర ఆర్కాడు జిల్లాలోవి. 1903 మొదలు 1916 దాకా మద్రాసు డిపోనుంచి చెరకుతోటల కూలికి ఫిజీ దీవులకు ఓడలెక్కినవారిలో ఉత్తర ఆర్కాడువారు చాలామంది. తెలుగువాళ్లు అక్కడ 1941 లో ఆంధ్ర సంగం కూడా పెట్టుకున్నారు. వాళ్ల మనవలు ఓటువేసి గెలిపించుకున్న బవద్రా ప్రభుత్వానికి 1987 ఏప్రిల్లో పట్టం వచ్చింది. బవద్రా స్థానిక ఫిజీయుడే, కాని భారతసంతతివారి పార్టీతో చేయి కలిపాడు. సరిగా నెల తిరిగేసరికి, మే 14 న, రబుకా అనే సైనికాధికారి పంపిన ముసుగుమనుషులు పార్లమెంటులోకి వచ్చి మంత్రుల్ని పట్టుకుపోయారు.

బవద్రా ఆ ఎండాకాలం లండను పోయి, తన దేశానికి కూడా రాణి అయిన ఎలిజబెత్ దర్శనం అడిగాడు. దొరకలేదు. ఇండియా వాణిజ్యం తెంచుకుంది. అక్టోబరులో కామన్‌వెల్తు సభ్యత్వం పోయింది, మళ్లీ రావడానికి పదేళ్లు పట్టింది. 1990 కల్లా సువాలోని మన రాయబార కార్యాలయం మూతపడింది. ఇక ఆస్ట్రేలియావారు ఏం చేశారో తెలుసా? 1988 జనవరిలో, ఇకమీదట మేము దేశాల్నే గుర్తిస్తాం, ప్రభుత్వాల్ని గుర్తించే పద్ధతి మానేశాం అన్నారు. బ్రిటను ఆ మాట 1980 లోనే అనేసింది. ఎంత సుఖమో! పక్కింట్లో ఎవరు ఎవర్ని గెంటారో మేము చూడలేదు, గుమ్మంలో ఎవరున్నారో వారితో మాట్లాడతాం. మన దేశం కూడా 2025 అక్టోబరులో కాబూల్లోని తన కార్యాలయాన్ని రాయబార స్థాయికి పెంచింది, గుర్తింపు అనే మాట మాత్రం నోట రానివ్వలేదు.

ఈలోగా ఫిజీనుంచి వేలకొద్దీ కుటుంబాలు ఇళ్లు అమ్ముకుని వెళ్లిపోయాయి. ఆ రబుకాయే 1992 లో ఎన్నికల్లో గెలిచి ప్రధాని అయ్యాడు, 2022 లో మళ్లీ అయ్యాడు. 2023 మే 14 న, ముప్పై ఆరేళ్లు నిండిన రోజున, ఫిజీ భారతీయుల్ని క్షమించమని అడిగాడు. వెళ్లిపోయినవాళ్లు వెనక్కు వస్తారా?

బస్సులో మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తిరుచానూరు రోడ్డు దీపాలు కనబడుతుండగా అడిగాడు.

"ఆ పాదరీ ఉత్తరంలో యాచమనాయకుడి పేరుంది, జగ్గరాయుడి పేరుంది. రాణులకు కూడా పేర్లున్నాయి గదా. మరి పిల్లవాణ్ణి మోసుకొచ్చినవాడి పేరు?"

"చాకలి అనే వుందిరా" అన్నాను.

"దొరికితే చంపేసేవాళ్లు గదా మామా వాణ్ణి?"

"చంపేసేవాళ్లే" అన్నాను. కండక్టరు బస్టాండు, బస్టాండు అని అరుస్తున్నాడు. సంచి తీసుకుని దిగాం.